పద్దెనిమిదేళ్ళు నిండాక ఎక్కడికి?

మనింట్లో పిల్లాడు పదో తరగతి పాసైతే చాలు, ఎంపీసీయా, బైపీసీయా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతాం. మేనమామ ఒకటంటాడు, పక్కింటావిడ మరొకటంటుంది. ఇలా హడావిడి చేసే మనుషులు ఒక్కరూ లేని పిల్లల సంగతి ఎప్పుడైనా ఆలోచించామా?

బాలసదనాల్లో, అనాథాశ్రమాల్లో పెరిగే పిల్లలకి పద్దెనిమిదేళ్ళు నిండుతున్నాయంటే గుబులు. చదువు ఇంటర్లోనో, డిగ్రీ మొదట్లోనో ఉండగానే బయటికి నడవాల్సిన రోజు వచ్చేస్తుంది. అందుకే ఇష్టమైన చదువు కన్నా తొందరగా కూడు పెట్టే పని చూపిస్తారు. ఆడపిల్లయితే కుట్టుమిషను, లేదంటే పెళ్ళి! కుట్టుపని చిన్నదని నేననడం లేదు. కానీ "నీకేం కావాలమ్మా?" అని అడిగాక కదా మిషను ముందు కూర్చోబెట్టాలి!

నాకు తెలిసిన ఒకమ్మాయికి లెక్కలంటే ప్రాణం. టీచరవ్వాలనుకుంది. సదనం వదిలాక హాస్టలుకి కట్టే దిక్కులేక బట్టల షాపులో చేరింది. ఇప్పుడు రోజంతా నిలబడి చీరలు మడతపెడుతోంది.

చట్టం లేదా అంటే ఉంది. ఇలా బయటికొచ్చేవారికి ఆర్థికసాయం అందించవచ్చని 2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షను చెబుతోంది. 2016 నాటి కేంద్ర నమూనా నిబంధనలు 21 ఏళ్ళ దాకా, తప్పనిసరైతే 23 దాకా ఆసరా ఇవ్వమన్నాయి. అంటే డిగ్రీ పూర్తయ్యేదాకా అన్నమాట! 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో నెలకి 4,000 రూపాయలన్నారు. అందులో హాస్టలు, బస్సు, పుస్తకాలు పోను ఏం మిగులుతుందో ఇల్లు నడిపే మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా చట్టంలో ఉన్నది "ఇవ్వవచ్చు" అనే మాట. అది "ఇచ్చి తీరాలి" అని మారాలి.

పదేళ్ళలోపే అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆశ్రమాల్లో చేరిన దిక్కులేని పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ బి.సి.-ఎ జాబితాలో ఉన్నారు. కానీ సర్టిఫికెట్ చేతిలో లేకపోతే ఆ సీటు ఎలా దక్కుతుంది? ఆధార్, బ్యాంకు ఖాతా, కుల ధృవీకరణ, ఇవన్నీ గేటు దాటకముందే సిద్ధం చేయాలి. ఏం చదవాలన్న మాట తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టాలి.

మన పిల్లల పుట్టినరోజులకి ఆశ్రమాల్లో పళ్ళు, బిస్కెట్లు పంచుతుంటాం. మంచిదే. దాంతోపాటు, సూపరింటెండెంటు ద్వారా, జిల్లా బాలల పరిరక్షణ విభాగం అనుమతితో ఒక్క పిల్లకి పెద్దదిక్కుగా ఉండలేమా? అప్లికేషను నింపడం, కాలేజీకి తోడెళ్ళడం, పండక్కి "ఇంటికి రామ్మా" అని పిలవడం, ఇవి మనకి చేతకాని పనులేం కావు. ఏమంటారు?