దండకారణ్యంలో కుచ్చిళ్ళు

చదువుకున్న మిత్రుడొకాయన ఈమధ్య నాకో వాట్సాప్ సందేశం పంపాడు. చీరను మన ఋషులే కనిపెట్టారట. కుచ్చిళ్ళు బొడ్డు దగ్గర దోపితే నాడులు ఉత్తేజితమై రోగాలు రావట. సాక్ష్యం ఏమిటంటే టీవీ రామాయణం! "సీతమ్మ అడవిలో కూడా ఇదే కట్టు కట్టింది చూడండి" అని రాశాడు.

1987-88లో దూరదర్శన్‌లో వచ్చిన ఆ సీరియల్‌ని నేనూ చూశాను. వనవాసంలోని సీత కాషాయం చీర, కుట్టిన జాకెట్టుతో ఉంటుంది. అది దుస్తులు సమకూర్చినవాళ్ళ ఊహ. దాన్ని త్రేతాయుగానికి ఆధారంగా చూపిస్తే, హనుమంతుడి తోకను జంతుశాస్త్రానికి ఆధారంగా చూపినట్టే ఉంటుంది.

కుచ్చిళ్ళు ముందుకు పెట్టి, పైట ఎడమ భుజం మీద వేసి, లోపల లంగా, పైన జాకెట్టు తొడిగే ఈ పద్ధతి దేశమంతటా మర్యాదగా స్థిరపడి నూట యాభై ఏళ్ళకు మించదు. సత్యేంద్రనాథ్ ఠాకూర్ ఐసీఎస్ ఉద్యోగం మీద 1864లో బొంబాయి వెళ్ళాడు. ఆయన భార్య జ్ఞానదానందినీ దేవి అక్కడి పార్సీ స్త్రీల కట్టు చూసి, మార్పులు చేసి బెంగాల్‌కు తెచ్చింది. దాన్ని బ్రాహ్మికా చీర అన్నారు. తరవాత రవివర్మ అచ్చు బొమ్మలు దేవతలకు చీరలు కట్టబెట్టాయి, ఆ దేవతలే సినిమాల్లోకి నడిచి వచ్చారు. అలాగని రవికను బ్రిటిష్ వాళ్ళే తెచ్చారనే మాట కూడా నిజం కాదు. అజంతా బొమ్మల్లో కుట్టిన పైవస్త్రాలున్నాయి. కొందరు తొడిగారు, చాలామంది తొడగలేదు, అంతే. చీర కట్టే పద్ధతులు వందకు పైగా ఉన్నాయని రీతా కపూర్ చిష్తీ లాంటివాళ్ళు ఊరూరా తిరిగి నమోదు చేశారు. మిత్రుడి సందేశంలో ఉన్నది ఒక్కటే!

ఇంతకీ దండకారణ్యంలో స్త్రీలు నిజంగా ఏం కట్టారు? మా బావగారు జగదల్‌పూర్‌లో ఉండేవారు కాబట్టి బస్తర్ సంతలు కొన్ని చూశాను. అక్కడి పాత కట్టు పాటా చీర. చేత్తో వడికిన ముతక నూలు, చలవ చెయ్యని తెలుపు, దాని మీద ముదురు ఎరుపు అంచు. ఆ రంగు ఆల్ చెట్టు వేరు బెరడు నుంచి వస్తుంది (మన తొగరు చెట్టు ఆ జాతిదే). నూలుకు ఆముదం, బూడిద, పేడ పట్టించి, ఉతికి, ఎండబెట్టి, మళ్ళీ పట్టించి, వారాల తరబడి సిద్ధం చేస్తేగాని రంగు పట్టదు. బస్తర్‌లో పన్కాలు, పక్కనే ఒరిస్సా వైపు కోట్‌పాడ్‌లో మిర్గాన్లు నేస్తారు. కోట్‌పాడ్ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2018లో గోవర్ధన్ పనికాకు పద్మశ్రీ ఇచ్చారు. కట్టేది మోకాళ్ళ దాకానే, కొంగు తెచ్చి భుజం మీద ముడి వేస్తారు. లంగా లేదు, జాకెట్టు లేదు. నాటు వెయ్యాలన్నా, ఇప్పపూలు ఏరాలన్నా, వాగు దాటాలన్నా అడ్డు రాదు. 1930ల, 40ల నాటి గ్రిగ్సన్, ఎల్విన్ పుస్తకాల ఫోటోల్లో పై భాగాన ఏ ఆచ్ఛాదనా లేని స్త్రీలూ ఉన్నారు. దాన్ని దాచాల్సిన పనేమీ లేదు. సిగ్గు చూసేవాడి తలలో ఉంది.

మరి సినిమాలో? కొమ్మలు, ఆకులు, ఈకలు, పులి చారల గుడ్డ, ఒంటికి నల్లరంగు. సత్యజిత్ రాయ్ అంతటివాడు కూడా 1970లో 'అరణ్యేర్ దిన్ రాత్రి'లో సంతాల్ స్త్రీ పాత్రకు సిమి గరేవాల్‌ని తీసుకుని నలుపు పూయించాడు. అంతకు ముందే 1957లో స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ బస్తర్ వచ్చి, మురియా ఊరివాళ్ళనే నటింపజేసి సినిమా తీసి చూపించాడు. కాబట్టి వీలుకాదనే సాకు చెల్లదు. (మన టీవీ సీరియల్ అత్తగార్లు పట్టుచీరతో, నగలతో నిద్రపోవడం గురించి ఇంకోసారి రాస్తాను.)

ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ బావగారి ఊరికి దగ్గర్లోని ఒక బడిలో ఆగస్టు పదిహేను నాడు చూసింది మరిచిపోలేను. మురియా ఆడపిల్లల చేత 'ఆదివాసీ నృత్యం' చేయించారు. పిల్లలకు మెరిసే పాలిస్టర్ గుడ్డ, తలకు రంగు ఈకలు, నడుముకు ప్లాస్టిక్ ఆకులు. గేటు బయట పాటా చీరల్లో ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు నిలబడి ఉన్నారు, మనవరాళ్ళను చూడటానికి వచ్చి. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. ఆ చీరలే పిల్లలకు కట్టించవచ్చు కదా అని అడిగాను. "అవి ఆదివాసీ డ్రెస్సులా కనబడవు సార్" అన్నాడు హెడ్మాస్టరు. వెక్కిరింపు కాదు, అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఖమ్మం జిల్లా పల్లెటూళ్ళో గోచీ పోసి కట్టేది, జన్మలో రవిక తొడగలేదు. మా అన్న పెళ్ళికి వీడియో తీస్తున్నారని బలవంతాన ఆమెకు జాకెట్టు తొడిగించాం. "ఇన్నాళ్ళూ నేను గుడ్డ లేకుండా తిరిగానారా?" అని అడిగింది. అప్పుడు ఇంట్లో అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఇక నాడుల సంగతి. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో వార్ధా, బీహార్ డాక్టర్లు ఇద్దరు స్త్రీల గురించి రాశారు. బిగుతుగా కట్టిన కట్టు ఏళ్ళ తరబడి నడుము దగ్గర ఒరుసుకుని పుండు పడి, చర్మ క్యాన్సర్‌గా మారింది. ఒకామె లంగా బొందు బిగించి కట్టేది. రెండో ఆమె లంగా లేకుండా లుగడా చీరను బిగించేది. కాబట్టి పల్లె కట్టు గొప్పదని నేను ఎదురు సందేశం పంపడానికీ వీల్లేదు! రెండు కేసులతో దేశం లెక్క కట్టకూడదు కూడా. ముడి కొంచెం వదులుగా వేసుకోవాలి, అంతవరకే.

ఇవన్నీ మిత్రుడికి రాసి పంపాను. నాలుగు రోజులకు అదే సందేశం ఇంకో గ్రూపులో ఆయన పేరుతోనే కనిపించింది. ఋషుల్ని తీసేశాడు. నాడుల్ని ఉంచాడు.