చెవుల్లో దూది

విమానంలో కాళ్ళు చాపుకోవడానికి చోటు చాలలేదనీ, కాఫీ చల్లారిపోయిందనీ అలిగే నాబోటివాళ్ళం ఒక్కసారైనా సైనిక రవాణా విమానం ఎక్కి రావాలి. వాయుసేనలో పనిచేసి వచ్చిన మా మామయ్య ఎప్పుడు కలిసినా ఆ ప్రయాణాల ముచ్చట్లే చెబుతుంటారు.

తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఏఎన్-32లో సుమారు మూడు గంటలు. గోడల వెంట మడత సీట్లు, ఎదురెదురుగా మనుషులు, నడుమ తాళ్ళతో బిగించిన సరుకు. తమకన్నా ఆ పెట్టెలే సుఖంగా ప్రయాణం చేసేవని ఆయన వేళాకోళం. రెక్కలమీది రెండు ఇంజన్ల హోరుకు అందరి చెవుల్లోనూ దూది. నీళ్ళు కావాలన్నా, కునికిపాట్లు పడేవాణ్ణి ఆటపట్టించాలన్నా సైగలే శరణ్యం. ఒకసారి ఈయన టైమెంతని మణికట్టు చూపిస్తే, తన వాచీని మెచ్చుకుంటున్నారనుకుని ఎదుటి కుర్రవాడు సిగ్గుపడిపోయాడట. ఈ మూకాభినయం విని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం.

2016 జులై 22 తర్వాత ఆ నవ్వు నాకు అంత తేలిగ్గా రాలేదు. ఆ ఉదయం తాంబరంలో బయలుదేరిన ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసే పౌర ఉద్యోగులు. ఏడేళ్ళకు పైగా విమానం జాడే తెలియలేదు. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దాని శకలాలు దొరికినట్టు 2024 జనవరిలో ప్రకటించారు.

అలాగని ఆ ముచ్చట్లు మానేయాలా? కూడదనే నా అభిప్రాయం. సైన్యం మనకు రెండు సందర్భాల్లోనే గుర్తొస్తుంది: కవాతు జరిగినప్పుడు, శవపేటిక వచ్చినప్పుడు. ఆ రెంటి నడుమ నడుంనొప్పితో, దూదితో, సైగలతో గడిచే బతుకే అసలు ఉద్యోగం. యూనిఫారం లేకుండా ఆ సీట్లలో కూర్చున్న విశాఖవాళ్ళ ఉద్యోగం కూడా అదే. వాళ్ళూ ఆ ఉదయం ఏదో ఒక సైగకు నవ్వుకునే ఉంటారు. ఆ నవ్వును మరిచిపోతే వాళ్ళు మనకు ఒక అంకెగానే మిగులుతారు.

“భయం వేసేది కాదా మామయ్యా?” అని మొన్న అడిగాను.

“వేసేదిరా. పక్కవాడికి చెబుదామంటే వినపడి చావదుగా!” అన్నారు.

మీ ఇంట్లోనూ ఇటువంటి ప్రయాణాలు చేసినవారుంటే ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి. వీలైతే రాసిపెట్టండి.