కిరీటం దక్కని కోడలు

లాలాపేటలోనో, నాచారంలోనో చంటిబిడ్డకు జ్వరం తగ్గకపోతే పెద్దవాళ్లు ముందుగా చెప్పే మాట ‘నిలోఫర్‌కి తీసుకుపోండి’ అని. ఆ పేరు ఒక మనిషిదని, ఆమె ఏడో నిజాం చిన్న కోడలని చాలామందికి తెలుసు. మరి ఆమె తోడికోడలి సంగతి? పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గరున్న ఆసుపత్రి బోర్డు మీద తప్ప దుర్రు షెహ్వార్ పేరు పెద్దగా కనపడదు. నిజానికి ఈ నగరానికి రాణి కావాల్సింది ఆవిడే!

ఆమె పుట్టింది 1914 జనవరి 26న, ఇస్తాంబుల్‌లో. ఆరొందల ఏళ్లు ఏలిన ఒట్టోమన్ వంశం. తండ్రి అబ్దుల్ మజీద్ బొమ్మలు గీసేవాడు, సంగీతమంటే ప్రాణం. పాలన ఆయనకు ఎన్నడూ దక్కలేదు. 1922లో టర్కీ సుల్తాన్ పదవిని రద్దు చేసి, ఖలీఫా అనే మతపరమైన హోదా మాత్రం ఆయనకిచ్చారు. ఆ ముచ్చటా ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1924 మార్చి 3న అంకారా పార్లమెంటు ఖలీఫా పదవినీ ఎత్తేసింది. ఆ రాత్రే అధికారులు డోల్మాబాచే ప్యాలెస్‌కు వచ్చి, తెల్లారేలోగా దేశం వదలమన్నారు. ఊళ్లోని పెద్ద స్టేషన్లో రైలెక్కిస్తే జనం గుమిగూడతారని, ఊరి బయట చాలా దూరాన ఉన్న చతాల్జా అనే చిన్న స్టేషన్‌కు తీసుకెళ్లి ఐరోపా రైలెక్కించారు. అప్పుడు దుర్రు షెహ్వార్‌కు పదేళ్లు. అంతవరకూ చుట్టూ దాసీలున్న పిల్ల, ఆ రోజు నుంచి కాందిశీకురాలు.

స్విట్జర్లాండ్‌లో కొన్నాళ్లు ఉన్నాక, ఫ్రాన్స్ సముద్ర తీరంలోని నీస్ నగరంలో ఆ కుటుంబం తలదాచుకుంది. అక్కడ వాళ్ల ఇల్లు గడిచిందంటే అందులో హైదరాబాద్ సొమ్ము ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ మాజీ ఖలీఫాకు నెలకు 300 పౌండ్లు పంపేవారు. తన చొక్కా చిరుగు పట్టినా పట్టించుకోని పిసినారిగా పేరున్న మనిషి ఇంత ఉదారం ఎందుకు చూపారు? భక్తి కొంత, లెక్క కొంత. డబ్బుకు నిజాం దగ్గర కొదవలేదు. ఖలీఫా ఇంటి పిల్ల కోడలిగా వస్తే, డబ్బుతో కొనలేని గౌరవం ఆయన వంశానికి దక్కుతుంది. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు షౌకత్ అలీ మధ్యవర్తిగా నిలిచి సంబంధం కుదిర్చారు.

1931 నవంబర్ 12న నీస్‌లో పెళ్లి. ఒక్కటి కాదు, రెండు. నిజాం పెద్దకొడుకు ఆజంజాకు దుర్రు షెహ్వార్, రెండో కొడుకు మొజంజాకు ఆమె బంధువు నిలోఫర్. ఒకరికి పదిహేడేళ్లు, మరొకరికి పదిహేను. (మన మొజంజాహీ మార్కెట్‌కు పేరిచ్చింది ఈ రెండో పెళ్లికొడుకే.) కొత్త జంటలు ‘పిల్స్‌నా’ అనే ఓడలో బొంబాయికి బయల్దేరాయి. రౌండ్ టేబుల్ సమావేశం నుంచి ఉత్తచేతులతో తిరిగొస్తున్న గాంధీజీ కూడా అదే ఓడలో ఉన్నారు. రాజ్యం పోగొట్టుకున్న ఇంటి పిల్ల, రాజ్యాలనే వద్దంటున్న మనిషి ఒకే ఓడలో... ఏ సినిమా రచయితకూ తట్టని దృశ్యం.

దుర్రు షెహ్వార్ అంటే రాజయోగ్యమైన ముత్యం అని అర్థం. నిజాం కూడా కోడలికి దుర్దానా బేగం అన్న బిరుదిచ్చారు. అదీ ముత్యమే. మామగారికి ఆమె అంటే గురి. పొడగరి, రూపసి, చదువుకున్నది, నలుగురిలో నిలబడితే చూపు తిప్పుకోలేని హుందాతనం. టర్కిష్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ వచ్చు, ఇక్కడికొచ్చాక ఉర్దూ పట్టుబడింది. అంతఃపురం ఆడవాళ్లు పరదా దాటని రోజుల్లో ఈ తోడికోడళ్లు సభల్లో కూర్చున్నారు. 1937లో బేగంపేట విమానాశ్రయం మొదటి టెర్మినల్‌కు శంకుస్థాపన చేసింది దుర్రు షెహ్వారే. యాకుత్‌పురాలో ఆడపిల్లల జూనియర్ కాలేజీకి, పురానీ హవేలీలో ఆసుపత్రికి ఆమే అండ. డయానా కథను కళ్లనీళ్లు పెట్టుకుని చదివిన మనవాళ్లకు, మన బేగంపేటలో రాయి వేసిన యువరాణి గుర్తులేకపోవడం చిత్రమే.

కాపురం మాత్రం కుదరలేదు. ఆజంజా చేతికి ఎముక లేని మనిషి, అప్పులకు జంకేవాడు కాదు. ఖైరతాబాద్‌లోని బెల్లా విస్టా ప్యాలెస్‌లో (ఇప్పటి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ) భార్యాభర్తల దారులు క్రమంగా వేరయ్యాయి. పెద్దకొడుకు ముకరంజా 1933లో నీస్‌లోనే పుట్టాడు. చిన్నవాడు ముఫకంజా పుట్టింది 1939లో. లాలాపేట పక్కనే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని నిజాం ప్రారంభించింది ఆ ఏడాది డిసెంబర్‌లోనే. దేవిడీల వాతావరణం సోకకుండా పిల్లల్ని పెంచాలన్నది తల్లి పట్టుదల. ముకరంజాను డూన్ స్కూల్, హారో, కేంబ్రిడ్జి, శాండ్‌హర్స్ట్... ఇలా చదివించారు.

1944 ఆగస్టులో తండ్రి పారిస్‌లో కన్నుమూశాడు. సొంతగడ్డలో ఖననానికి అనుమతివ్వమని కూతురు టర్కీ అధ్యక్షుడు ఇనోనును స్వయంగా కలిసి అడిగింది. ఒప్పుకోలేదు. శవపేటిక దాదాపు పదేళ్లు పారిస్ మసీదులోనే ఉండిపోయింది. ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో నిజాం ఆయన కోసం కట్టించిన సమాధి మందిరమూ ఖాళీగానే మిగిలింది. చివరకు 1954లో మదీనాలో మట్టి దొరికింది. ఇంత పెద్ద వంశపు చివరి ఖలీఫా ఆరడుగుల నేల కోసం పదేళ్లు ఎదురుచూశాడు! ఆ కూతురు దీన్ని మరిచిపోలేదు, క్షమించనూ లేదు.

ఆ మధ్యలోనే మెట్టినింటి రాజ్యమూ పోయింది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, హైదరాబాద్ యూనియన్‌లో కలిసింది. పదేళ్ల వయసులో పుట్టింట చూసింది ముప్ఫై నాలుగేళ్లకు మెట్టినింట మళ్లీ చూసింది. కాకపోతే ఈసారి ఎవరూ అర్ధరాత్రి రైలెక్కించలేదు. నిజాం 1956 దాకా రాజప్రముఖ్‌గా కొనసాగారు, బిరుదులు, రాజభరణం మిగిలాయి. ఆ మిగిలిన గద్దె మీదకూ 1954లో నిజాం తన కొడుకును కాదని మనవడిని వారసుడిగా ప్రకటించారు. ఆజంజా ఖర్చులు చూసి విసిగిన తండ్రి తీసుకున్న నిర్ణయమిది. తప్పని చెప్పలేం. కానీ ఆ ఒక్క సంతకంతో నిజాం భార్య కావాల్సిన ఆమె, నిజాం తల్లి అయింది. కొడుకును తీర్చిదిద్దినందుకు ఫలితం దక్కింది, తను ఏ హోదా కోసం సముద్రం దాటి వచ్చిందో అది మాత్రం చేజారింది.

1967 ఫిబ్రవరిలో నిజాం మరణించారు. ఏప్రిల్ 6న చౌమహల్లా ప్యాలెస్‌లో ముకరంజా ఎనిమిదో నిజాం అయ్యారు. అయిదేళ్లు తిరక్కుండానే, 1971లో 26వ రాజ్యాంగ సవరణ ఆ బిరుదులనూ, రాజభరణాలనూ తుడిచేసింది. అంతకు ముందు ఏడాదే ఆజంజా పోయారు. దుర్రు షెహ్వార్ లండన్‌లో స్థిరపడింది.

2006 ఫిబ్రవరి 7న అక్కడే తుదిశ్వాస విడిచింది. అప్పటికి ఆమెకు తొంభై రెండేళ్లు. టర్కీ అంతకు చాలా ఏళ్ల ముందే ఒట్టోమన్ వంశస్థులకు తలుపులు తెరిచింది. కోరుకుంటే ఇస్తాంబుల్‌లో చోటు దొరికేది. నాన్నకు ఇవ్వని మట్టి నాకెందుకని ఆమె వద్దనుకుందని అంటారు. లండన్‌కు కాస్త దూరంలో ఉన్న బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఖననం చేశారు. ముకరంజా మాత్రం 2023 జనవరి 14న తల్లి పుట్టిన ఇస్తాంబుల్‌లోనే కన్నుమూశారు. భౌతికకాయాన్ని హైదరాబాద్‌కు తెచ్చి, చౌమహల్లాలో జనం కడసారి చూశాక మక్కా మసీదులో ఖననం చేశారు.