పొగాకు ఒడంబడిక

పొగాకు వాడుకను అరికట్టుటకై 2003 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభయం దొక ఒడంబడిక ఆమోదింపబడెను. మన దేశము 2004 ఫిబ్రవరిలో దానిని ధ్రువపరచెను. నేటికి 180కి పైగా రాజ్యములు అందు చేరియున్నవి. ఇరువదియేండ్లు గడచినను పొగ చల్లారలేదు. ఇచ్చిన మాటను ప్రభుత్వములు ఏల చెల్లింపజాలకున్నవి?

అధికారుల అలసత్వమే కారణమని పలువు రందురు. అది కొంత నిజమే. పాఠశాలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి మన చట్టము శాసించుచున్నది. ఆ గజములను కొలుచువారు అరుదు. 2016 ఏప్రిల్ నుండి సిగరెట్టు పెట్టెపై నూటికి 85 వంతుల మేర హెచ్చరిక బొమ్మ నుంచిరి. విడి సిగరెట్టు కొనువానికి ఆ బొమ్మ కనబడనే కనబడదు.

కాని అసలు చిక్కు ప్రభుత్వము నింటనే యున్నదని మా యభిప్రాయము. ఆరోగ్యశాఖ వలదను సరకునకు వాణిజ్యశాఖ క్రిందనున్న పొగాకు బోర్డు గుంటూరు కేంద్రముగా 1976 నుండి అండగా నిలిచి, సాగునకు అనుమతు లిచ్చుచు, ఎగుమతులను ప్రోత్సహించుచున్నది. పన్నులు బొక్కసమును నింపుచున్నవి. ప్రభుత్వ జీవిత బీమా సంస్థకు దేశమందలి అతిపెద్ద సిగరెట్టు కంపెనీలో వాటా కలదు. పొగాకు వ్యాపారుల స్వప్రయోజనముల నుండి ఆరోగ్య విధానమును కాపాడవలెనని ఒడంబడిక చెప్పుచున్నది. సర్కారే భాగస్థుడైనచో ఎవరినుండి ఎవరిని కాపాడుట? పాము చావదు, కర్ర విరుగదు.

మేము రైతును నిందింపము. ఈ సంచికను చదువు తలిదండ్రులలో పొగాకు పండించువారును గలరు. వారి బిడ్డల జీతములు ఆ పైకముతోనే చెల్లుచున్నవి. ఒంగోలు ప్రాంతపు రైతు అప్పు చేసి బ్యారను కట్టుకొనెను. పంటను వేలమునకు తెచ్చినచో కొనువారుందురను నమ్మకము వానికి కలదు. శనగయో మిరపయో వేసినచో ధర నిలుచునను ధైర్యము లేదు. ఇట్టివారికి వేరొక జీవనాధారము చూపుటకు తోడ్పడవలెనని ఒడంబడికలోని 17వ అధికరణము కోరుచున్నది. ఎల్లరును మరచినది దీనినే.

కావున ప్రభుత్వము ముందుగా సిగరెట్టు వ్యాపారమందలి తన వాటాను వదలుకొనవలెను. పొగాకుపై వచ్చు పన్నులో కొంత భాగమును రైతు మారుపంటకు, దాని ధర నిలుపుటకు వెచ్చింపవలెను. అది జరుగనంతవరకు ఒడంబడిక కాగితముగనే యుండును.

విద్యార్థులారా, ప్రభుత్వములు మేలుకొనువరకు మీరు వేచియుండ నక్కరలేదు. బడి ప్రహరీగోడ వెలుపలి అంచునుండి 100 గజములు కొలిచి, అందున్న దుకాణముల సంగతి పెద్దలకు తెలుపుట మీ చేతిలోని పని. చట్టమునకు ప్రాణము పోయువారు పౌరులే గదా!