ముందు కుర్చీ ఎవరిది?



ప్రతి ఏటా జూలై 4న అల్లూరి సీతారామరాజు గారి జయంతి చేసుకుంటాం. ఫొటోకి దండ వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం. మంచిదే. కానీ పోరాడి, బతికి, ముసలివాళ్ళయిన వాళ్ళని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం.

మన మన్యం పోరాటమే చూడండి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ మన గిరిజనుల చేత చాకిరీ చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. ఆ కడుపుమంట కూడా పోరాటానికి ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. 1924 మే 7న రాజు గారిని కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. ఇది అందరికీ తెలుసు.

మరి గాం మల్లుదొర గారు? ఆయన సోదరుడు గంటందొర గారు 1924 జూన్‌లో పోరాడుతూ చనిపోయారు. మల్లుదొర గారు పట్టుబడ్డారు. ముందు ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని మార్చి అండమాన్ పంపారు. ఆయన శిక్ష అనుభవించి తిరిగి వచ్చారు. 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. చావుకు ఎదురెళ్ళడం ధైర్యమే. ఏళ్ళ తరబడి జైల్లో ఉండి వచ్చి, మళ్ళీ జనం కోసం నిలబడడం కూడా అంతే ధైర్యం. కానీ ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆనాటి వాళ్ళని ఏమైనా అడుగుదామన్నా ఇప్పుడు ఒక్కరూ లేరు.

అడగడానికి ఇంకా ఉన్నవాళ్ళు మిలట్రీ తాతలు. 1971 యుద్ధంలో పనిచేసినవాళ్ళకి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆ డిసెంబరులోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ సముద్రంలో మునిగింది. మా ఊళ్ళో ఒక తాత ఉన్నాడు. యుద్ధం గురించి చెప్పు తాతా అంటే, "ఏముందిరా, డ్యూటీ చేశాం, వచ్చేశాం" అంటాడు. తిరిగి రాని స్నేహితుడి గురించి మాత్రం చెప్తాడు. ఊళ్ళో మీటింగు పెడితే వెనకాల చెట్టు కింద నిలబడతాడు. ఇస్త్రీ చొక్కాలవాళ్ళు ముందు కుర్చీల్లో కూర్చుంటారు. గొప్పలు చెప్పుకోనివాడికి గౌరవం అక్కర్లేదా?

"వాళ్ళకి పింఛను వస్తుంది కదా" అని కొందరంటారు. పింఛను చేసిన పనికి ఇచ్చే డబ్బు. గౌరవం వేరు. అది మనం ఇవ్వాలి. డిసెంబరు 7న సాయుధ దళాల జెండా దినం 1949 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు చొక్కాకి చిన్న జెండా గుచ్చుకుంటే సరిపోదు.

అందుకని నా మనవి. ఈసారి జయంతికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఒక మిలట్రీ తాతని పిలుద్దాం. బస్సు చార్జీ మనమే ఇద్దాం. ముందు కుర్చీ ఆయనకే వేద్దాం. ఉపన్యాసం ఇమ్మని బలవంతం చెయ్యొద్దు. మన వరసలోనే కూర్చోబెట్టుకుని భోజనం పెడదాం. తింటూ తింటూ అడుగుదాం. మంచులో ఎలా ఉన్నావు తాతా, ఇంటికి ఉత్తరం ఎవరు రాసిపెట్టేవారు అని. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి ఈ గోడ పత్రికలో పెడదాం. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పేజీ రాసుకొద్దాం.

వార్డెన్ గారు దయచేసి అనుమతి ఇవ్వాలి. తాతలు ఉండగానే ఈ పని జరగాలి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి