మాత్ర వేసే తల్లి మాట ఎవరు వింటారు?

"మాత్రేస్తే బడిలో సారు మెచ్చుకుంటాడక్కా, కూడు మాత్రం ముట్టడు. మాత్ర ఆపితే కూడు తింటాడు, సాయంత్రానికి బడి నుంచి కబురొస్తాది. నేనేం జేసేదక్కా?"

మా ఆలూరులో ఒక తల్లి నన్నడిగిన ప్రశ్న ఇది. ఆమె కొడుక్కి ఎనిమిదేళ్లు. కుదురుగా కూర్చోలేడు, చెప్పింది చివరిదాకా వినలేడు, పిలుస్తున్నా వినకుండా రోడ్డు మీదికి ఉరికేస్తాడు. పట్నం తీసుకుపోయి చూపిస్తే ఏడీహెచ్‌డీ అన్నారు, మాత్ర రాశారు. జబ్బు పేరు ఆమెకు నోరు తిరిగింది గానీ, ఆ మాత్ర కడుపులోకి పోయాక ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు. అడుగుదామంటే వెనకాల ఇంకో ముప్పై మంది నిలబడి ఉన్నారట.

జ్వరానికి మందు వేస్తే మూడు రోజుల్లో సంగతి తేలిపోతుంది. పిల్లల ప్రవర్తనకు వేసే మందు అట్లా కాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు వేయాల్సి వస్తుంది. రాసేది డాక్టరు, డబ్బు కట్టేది తండ్రి, "ఇంకా మార్పు రాలేదే" అని అడిగేది బడి. పొద్దున ఏడున్నరకు నీళ్ల గ్లాసు పట్టుకొని వాడి వెంట తిరిగేది మాత్రం తల్లే. వాడు సగం ముద్ద వదిలేసిందీ, రాత్రి పదకొండైనా పక్క మీద దొర్లుతున్నదీ, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకున్నదీ మొదట కనబడేది ఆమెకే. అయినా వైద్యం గురించి జరిగే మాటల్లో అందరికన్నా తక్కువ వినబడేది ఆమె గొంతు. ఇది ఇట్లాగే సాగితే మంచి మందు కూడా బిడ్డకు చేటు చేస్తుంది.

ఈ మందులు నిన్నా మొన్నా వచ్చినవి కావు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు పిల్లల తలనొప్పి తగ్గుతుందేమోనని బెంజిడ్రిన్ ఇచ్చాడు. తలనొప్పి సంగతి అట్లుంచి, పిల్లలు కుదురుగా కూర్చుని లెక్కలు చేయడం మొదలుపెట్టారు. వాళ్లే దానికి లెక్కల మాత్ర అని పేరు పెట్టుకున్నారట! ఇప్పుడు ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండులో లియాండ్రో పానిజాన్ అనే శాస్త్రవేత్త తయారుచేశాడు. భార్య రీటా పేరు మీద దానికి రిటాలిన్ అని పేరు వచ్చింది. (మందుకు ఆడవాళ్ల పేరు పెట్టడానికి ముందుకొచ్చిన లోకం, మందు వేసే ఆడవాళ్ల మాట వినడానికి ఎందుకో ముందుకు రాదు.)

డెబ్బై ఏళ్లుగా వాడుకలో ఉన్న మందు కాబట్టి దాని మంచీ చెడ్డా రెండూ బాగానే తెలుసు. మామూలు మాత్ర దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. ఎక్కువసేపు పనిచేసే రకాలూ ఉన్నాయి, వాటిని డాక్టరు చెప్తే తప్ప నూరకూడదు, నమలనివ్వకూడదు. మందు పనిచేస్తున్నంతసేపూ ఆకలి చచ్చిపోతుంది. కొందరికి కడుపు నొప్పి, తలనొప్పి. కొందరికి నిద్ర పట్టదు. మందు దిగే సాయంత్రం వేళ కొందరు పిల్లలు చిరచిరలాడుతారు, చిన్నదానికీ ఏడుస్తారు. అది బిడ్డ పొగరు కాదు. ఆ గంటసేపు హోంవర్కు పుస్తకం తీయమనకపోతే సగం గొడవ తగ్గుతుంది.

ఆకలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో యుద్ధాలన్నీ కంచం దగ్గరే. మాత్ర వేశాక తినమంటే వాడు తినడు. ముందే పెట్టాలి. ఉగ్గాని గానీ, దోసె గానీ, రాత్రి మిగిలిన జొన్నరొట్టెలో పెరుగు వేసి గానీ, కడుపు నిండాకే మాత్ర. మధ్యాహ్నం బడిలో అన్నం కెలికి వదిలేస్తాడు, దానికి కొట్టి లాభం లేదు. కోడిగుడ్డు ఒక్కటి తింటే చాలని టీచరమ్మకు చెప్పి పెట్టండి. సాయంత్రం మందు దిగాక అసలు ఆకలి అప్పుడు లేస్తుంది. శెనక్కాయల ఉండ, పాలు, అరటిపండు అప్పుడు చేతికి అందాలి. రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి సంగటీ పప్పూ నెయ్యీ పెట్టినా తప్పులేదు. "సాయంత్రం మేస్తే రాత్రి అన్నం తినడు" అనే మన అత్తల కాలం నాటి లెక్క ఈ పిల్లల దగ్గర పనికిరాదు. నిద్ర పట్టకపోతే చివరి మాత్ర ఏ వేళకు వేస్తున్నారో చూడండి. పొద్దు వాలాక వేస్తుంటే డాక్టరుతో చెప్పి వేళ మార్పించాలి.

ఎదుగుదల ఆగిపోతుందని ఇంకో భయం. అమెరికాలో 579 మంది పిల్లలతో జరిగిన పెద్ద పరిశీలన ఒకటుంది. అందులో కొత్తగా మందు మొదలుపెట్టి కొనసాగించిన పిల్లలు మూడేళ్లకు, మందు వాడని వాళ్లకన్నా దాదాపు 2 సెంటీమీటర్లు పొట్టిగా, 2.7 కిలోలు తక్కువగా ఉన్నారని 2007లో ప్రకటించారు. గుండెలు బాదుకోవాల్సినంత కాదు, పట్టించుకోకుండా వదిలేయాల్సినంతా కాదు. గడప పక్క గోడ మీద ఆరు నెలలకోసారి పెన్సిలు గీత గీయండి. పదేళ్ల లోపు బిడ్డకు మూడు నెలలకోసారి బరువు చూపించండి. నాడి, రక్తపోటు కూడా చూడమని అడగండి. ఇంటి వంశంలో చిన్న వయసులోనే గుండె ఆగి పోయినవాళ్లుంటే మందు మొదలుపెట్టక ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

ఇంకో రకం మందులున్నాయి, వాటి తీరు దీనికి పూర్తిగా తిరకాసు. ఆటిజం ఉన్న పిల్లల్లో పట్టలేని కోపానికి, తల గోడకు కొట్టుకోవడానికి రిస్పెరిడోన్ వాడుతారు. అమెరికాలో 2006లో దీనికి అనుమతి వచ్చింది. ఇది వేస్తే ఆకలి ఆగదు. బిడ్డ నెలనెలా బొద్దుగా తయారవుతాడు. "ఇప్పుడు చూడు, ఒళ్లు పట్టింది, మందు బాగా పనిచేస్తాంది" అని జేజి సంబరపడుతుంది. తల్లి కూడా నిజమేననుకుంటుంది. ఆ ఒళ్లు ఆరోగ్యం కాదు. బరువు, నడుము కొలత, రక్తంలో చక్కెర చూపించుకుంటూ ఉండాలి. నూనె బజ్జీలు, బేకరీ తిండి ఇంట్లోకి రానివ్వకుండా, అందరూ ఒకే తిండి తినాలి. బిడ్డకొకటీ మిగతా వాళ్లకొకటీ అంటే ఏ బిడ్డా ఒప్పుకోడు. మగపిల్లలకు రొమ్ములు పెరగడం కూడా ఈ మందుతో జరగవచ్చు. పన్నెండేళ్ల వాడు సిగ్గుతో చొక్కా విప్పడం మానేస్తాడు, ఎవరికీ చెప్పడు. తల్లి గమనించి డాక్టరుకు చెప్తే మందు తగ్గించడానికో, మార్చడానికో వీలుంటుంది. మా వైపు ఎండాకాలం సంగతి చెప్పనక్కరలేదు. ఇట్లాంటి మందు మీదున్న పిల్లల ఒళ్లు వేడిని తట్టుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఆటలకు వదలొద్దు, మజ్జిగ, నీళ్లు వేళకు తాగించండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే రేపటిదాకా ఆగకూడదు. మెడ ఒక పక్కకు బిగుసుకుపోవడం, కనుగుడ్లు పైకి పోయి నిలిచిపోవడం, తీవ్ర జ్వరంతో ఒళ్లంతా కట్టెబారడం, సొమ్మసిల్లి పడిపోవడం, ఒంటి మీద దద్దుర్లతో నోరు పుండ్లవడం, చచ్చిపోతాననే మాట నోట రావడం... వీటిలో ఏది చూసినా ఆస్పత్రికే. గాలి సోకిందని అంత్రం కట్టించడానికి పోతే పొద్దు గడిచిపోతుంది. కట్టించుకోవాలనిపిస్తే తర్వాత కట్టించుకోండి, ఎవరూ కాదనరు.

ఊళ్లలో ఎక్కువగా దొరికేదీ, ఎవరూ అనుమానించనిదీ ఇంకొకటుంది. ఫిట్స్‌కు వాడే గార్డినాల్. చవక మందు, పాత మందు, ఎంతోమంది పిల్లల ప్రాణం నిలబెట్టింది. అయితే కొందరు పిల్లల్లో అదే అతి అల్లరినీ, చిరాకునూ తెచ్చిపెడుతుంది. ఫిట్స్ తగ్గాయి గానీ బిడ్డ మాట వినడం లేదని తిట్లూ దెబ్బలూ పడుతున్న ఇళ్లలో, ఆ అల్లరి ఎప్పుడు మొదలైందో ఒకసారి వెనక్కి లెక్కేయండి. మాత్ర మొదలైన నెలలోనే అయితే ఆ మాట డాక్టరు చెవిన పడాలి. అంతేగానీ మాత్ర మీరే ఆపేయొద్దు. గార్డినాల్ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది.

నిజానికి మందు చేసే చెడుపుకన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది ఈ దొంగచాటు ఆపడమే. భర్తకు చెప్పకుండా, డాక్టరుకు చెప్పకుండా, మాత్రను పెరట్లో పారేసే తల్లులు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. బిడ్డ బక్కచిక్కితే "కన్నతల్లివేనా, కూడు పెట్టవా?" అనేదీ ఆమెనే, బడి నుంచి కబురొస్తే "మాత్రలు సరిగ్గా వేస్తున్నావా?" అనేదీ ఆమెనే. రెండు పక్కలా వాయిస్తే మద్దెల ఏం చేస్తుంది? కానీ మిథైల్‌ఫెనిడేట్ ఒకపూట తప్పితే అల్లరి పెరుగుతుందే తప్ప పెద్ద ప్రమాదం లేదు గానీ, అన్ని మందులూ అట్లా కావు. క్లోనిడిన్ ఒక్కసారి ఆపితే రక్తపోటు ఎగదన్నుతుంది. రిస్పెరిడోన్ హఠాత్తుగా ఆపితే నిద్ర పోయి, ఒళ్లు నిలవక, పాత కోపం రెండింతలై వస్తుంది. డాక్టరేమో మందు పనిచేయడం లేదనుకొని డోసు పెంచుతాడు!

అందుకే ఒక పది రూపాయల నోటుపుస్తకం కొనండి. రోజూ రాయనక్కరలేదు, వారానికి మూడు రోజులు చాలు. మాత్ర ఎన్నింటికి వేశారు, ఏం తిన్నాడు, ఎన్నింటికి పడుకున్నాడు, ఎందుకు ఏడ్చాడు. రాయడం రాని తల్లి అయితే పెద్ద కూతురితో రాయించవచ్చు. "బాగాలేదు సార్" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. "మధ్యాహ్నం మాత్ర పడిన రోజుల్లో రాత్రి పన్నెండు దాకా నిద్రపోవడం లేదు సార్" అంటే ఆయన కలం ఆగుతుంది. బిడ్డ రాయిలా, నవ్వు లేకుండా కూర్చుంటున్నాడా, అది కూడా రాయండి. బడికి నచ్చే ఆ నిశ్శబ్దం చాలాసార్లు డోసు ఎక్కువైందనడానికి గుర్తు.

అడగడం మర్యాద కాదేమో అనుకోకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఇస్తున్న వైద్యం ఏమిటో, దాని దుష్ఫలితాలేమిటో మనకర్థమయ్యే భాషలో చెప్పించుకోవడం హక్కు. బడి సంగతీ అంతే. "మాత్ర వేసి పంపకపోతే టీసీ ఇస్తాం" అనే మాట కొన్ని బళ్లలో వినబడుతూనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి వెళ్లగొట్టకూడదంటుంది, కొట్టకూడదనీ అంటుంది. మన తెలుగువాళ్లు ఎంతోమంది స్థిరపడిన అమెరికాలోనైతే, మందు వేసుకుంటేనే బడికి రానిస్తామనే షరతు పెట్టకూడదని 2004లోనే చట్టంలో చేర్చారు. ఆరేళ్ల లోపు పిల్లలకైతే మందుకన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి చూడాలనేది వైద్యులే చెప్పే మాట. ఆ శిక్షణ ఆలూరులో ఎవరిస్తారు?

ఇక్కడే ప్రభుత్వాన్ని అడగాల్సింది ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బళ్లలో, అంగన్‌వాడీల్లో పిల్లలకు చూసే 30 లోపాల్లో ఏడీహెచ్‌డీ, ఆటిజం కూడా ఉన్నాయి. పేరు రాసుకుంటారు, పట్నానికి పంపుతారు. తర్వాత? మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. షాపుకు ప్రత్యేక లైసెన్సు ఉండాలి, చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపులో రెండేళ్లు దాచాలి. దుర్వినియోగం కాకుండా పెట్టిన నియమమే, కాదనను. కానీ చిన్న ఊరి మందుల షాపు ఆ తలనొప్పి ఎందుకులే అనుకుంటుంది. తల్లి ఒక్క మాత్రల అట్ట కోసం కూలి పోగొట్టుకొని కర్నూలు బస్సెక్కాలి. ఆదోని లాంటి చోట ఏరియా ఆస్పత్రిలో నెలకు రెండు రోజులైనా పిల్లల మానసిక వైద్యుడు కూర్చుంటే, ఆ మందు అక్కడే దొరికితే, ఎన్ని ఇళ్లకు ఊపిరాడుతుంది!

అంతదాకా మన చేతిలో ఉన్నవి రెండు ఫోన్ నంబర్లు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, రాత్రయినా పలుకుతారు. మందు వల్ల బిడ్డకు చెడు జరిగిందనిపిస్తే 1800-180-3024కు చెప్పవచ్చు. దేశమంతటా మందుల దుష్ఫలితాలు నమోదు చేసుకునే కేంద్రం అది. డాక్టరే చెప్పాలని లేదు, తల్లి చెప్పినా రాసుకుంటారు.

మా ఆలూరు, ఆదోని వైపు నుంచి సుగ్గికి పోయే తల్లులకు ఇంకొక్క మాట. గుంటూరు మిరప చేలకో, బెంగళూరు పనులకో బయల్దేరే ముందు, ఎన్ని నెలలు పోతున్నారో డాక్టరుకు చెప్పి అన్ని రోజులకు మందు ఎట్లా దొరుకుతుందో అడగండి. పోయిన చోట జలుబుకో జ్వరానికో ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి పోతే, బిడ్డ ఏ మాత్ర మీద ఉన్నాడో ముందే చెప్పండి, కొన్ని జలుబు మందులు దీనితో పడవు. చీటీ జిరాక్సు, మాత్ర పేరు, వేసే వేళ రాసిన కాగితం, ఆ నోటుపుస్తకం ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి బట్టల మూట మధ్యలో పెట్టుకోండి. చేలో గుడిసెల్లో మంచుకు తడవకుండా ఉంటాయి.