బిట్స్ సీటు: ఆశకు లెక్క ఉంది

‘మా పిల్లకు బిట్స్‌ల సీటొస్తదా?’ వేసవి వచ్చిందంటే ఉద్యోగుల ఇండ్లలో ఇదే ముచ్చట. జవాబు చెప్పేందుకు కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఎప్పుడూ సిద్ధమే. ఫీజు కట్టండి, మిగతాది మేం చూసుకుంటామంటారు. ఇందులో ఎవరూ చూసుకునేదేమీ లేదు. అక్కడ పైరవీ నడవదు, డొనేషన్ సీటు లేదు. ఉన్నదల్లా లెక్క. ఆ లెక్క మన పిల్లలకు విప్పి చెప్పేవాళ్లే కరువు.

రాజస్థాన్‌లోని పిలానీలో ఉన్న ఈ సంస్థకు 1964లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. చాలా ఏండ్లు పన్నెండో తరగతి మార్కులు చూసే సీట్లిచ్చారు. 2005 నుంచి బిట్‌శాట్ పెట్టారు. ఇప్పుడు ఇంటర్ మార్కులు గడప దాటడానికే: మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 75 శాతం, ఒక్కోదాంట్లో కనీసం 60. బోర్డు టాపర్లకు నేరుగా సీటు దొరికే దారి ఒకటుంది గానీ, అది వేళ్ల మీద లెక్కపెట్టే వాళ్లకే.

2022 నుంచి పేపర్‌లో 130 ప్రశ్నలు, 390 మార్కులు. ఒప్పుకు మూడు, తప్పుకు మైనస్ ఒకటి. 2024లో హైదరాబాద్ క్యాంపస్ కంప్యూటర్ సైన్స్ సీటు 298 దగ్గర ఆగింది. ఒక పిల్ల 110 ప్రశ్నలే ముట్టుకుని 102 ఒప్పు, 8 తప్పు చేస్తే సరిగ్గా 298. ఇంకో పిల్లవాడు అదే 102 ఒప్పు చేసి, మిగిలిన 28 గుడ్డిగా గుద్దితే 278. చదువు ఇద్దరిదీ ఒక్కటే, సీటు ఒక్కరిదే. ఇంకో మాట. ఇంగ్లిష్, లాజికల్ రీజనింగ్ కలిపి 30 ప్రశ్నలు, 90 మార్కులు. మన ఇంటర్ కాలేజీల స్టడీ అవర్లలో వీటికి చోటెక్కడ?

దరఖాస్తులను సీట్లతో భాగించి ‘వందలో ఇంతమందికే’ అని భయపెట్టే లెక్క దండగ. కటాఫ్ అంటే చివరి సీటు దొరికినవాడి మార్కు, అంతే. అది బ్రాంచిని బట్టి, క్యాంపస్‌ను బట్టి మారుతుంది. అదే 2024లో అదే కంప్యూటర్ సైన్స్‌కు పిలానీలో 327 కావాల్సి వచ్చింది. ఐఐటీ సీటు వచ్చినవాళ్లు వెళ్లిపోయిన కొద్దీ తర్వాతి విడతల్లో గీత కొంత కిందికి దిగుతుంది. కాబట్టి మొదటి విడతలో పేరు లేదని కుంగిపోవద్దు. రెండు మూడేండ్ల చివరి విడత కటాఫ్‌లు పక్కపక్కన పెట్టుకుని, ఇష్టమైన బ్రాంచీలన్నీ వరుసగా రాయాలి. ఎమ్మెస్సీలో చేరి, మొదటి ఏడాది మార్కులతో ఇంజనీరింగ్ బ్రాంచి కూడా జోడించుకునే డ్యూయల్ డిగ్రీ దారీ ఉంది.

ఇంత పోటీ ఎందుకంటే ప్రాక్టీస్ స్కూల్ కోసం. రెండో ఏడాది తర్వాత వేసవిలో, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం, పిల్లలను కంపెనీలకు పంపి పని నేర్పిస్తారు. కొలువుకు అదే నిచ్చెన. అయితే ఆ నిచ్చెన ఖరీదు హాస్టల్, మెస్ కలిపి నాలుగేండ్లకు ఇరవై లక్షలు దాటుతుంది. కన్వీనర్ కోటా ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నమ్ముకుని ఈ గేటు దగ్గరికి పోవద్దు. ఆదాయం చూసి ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది. దాని కాయితాలు ముందే సిద్ధం చేసుకోవాలి. పీఎఫ్ లోన్ పెట్టే ముందు ఉద్యోగి చూడాల్సింది ర్యాంకు కాదు, ఈ కాయితం.

ఇక అసలు సంగతి. 2008లో శామీర్‌పేట దగ్గర జవహర్‌నగర్‌లో క్యాంపస్ తెరిచారు. నేల మనది. కానీ 371డి కింద మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఉండే 85 శాతం స్థానిక కోటా ఆ గేటు దాటదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లూ అక్కడ లేవు. 93వ రాజ్యాంగ సవరణ ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్లు పెట్టే అధికారం ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని సమర్థించింది కూడా. అయినా 2006 నాటి కేంద్ర చట్టం కేంద్ర ప్రభుత్వ సంస్థల దగ్గరే ఆగిపోయింది. ఫీజు కట్టగల ఇంటి పిల్లకు 298 ఒక మార్కు. కూలికి పోయే ఇంటి పిల్లకు అది మార్కు ఒక్కటే కాదు. మన ఎంపీలు ఢిల్లీలో అడగాల్సిన ప్రశ్న ఇది.